నీలం దారం కుక్కపిల్ల

తలుపు మామూలుగానే మూసుకుంది, ఏ ఇంట్లోనైనా తలుపు మూసుకున్నట్టే, కానీ దాని వెంటనే గడియ పడిన చప్పుడైంది, ఆ గడియేమో బయట ఉంది, లోపలి వైపు నున్నటి రేకు తప్ప పట్టుకోవడానికి ఒక పిడి కూడా లేదు. "డాక్టరుగారు వచ్చేదాకా తీయకూడదు మేడం, రూలు" అన్నాడు తాళాలతను బయటి నుంచి. "ఒకసారి ఓ కోతి పిడి తిప్పుకుని పారిపోయింది, అప్పట్నించీ లోపల పిడి పీకించేశారు." ఆ కోతిని ఆమె మనసులో మెచ్చుకుంది. దానికున్న తెలివి తనకు లేకపోయింది, లోపలికి వచ్చే ముందు పిడి ఉందో లేదో చూసుకోవాలని తోచలేదు, తోచకపోవడమేమిటి, చూసింది, ఈ మధ్య ఎక్కడికి వెళ్ళినా ముందు అదే చూస్తోంది, కానీ వెనకాల చీఫ్ ఉన్నాడు, భర్త ఉన్నాడు, సహాయ దళం వాళ్ళు ఇద్దరు ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు, అంతమంది ముందు గుమ్మంలో ఆగి నేను వెళ్ళను అని ఎలా అంటుంది, కూలిపోయిన ఇళ్ళ కింద కుక్క వెనకే పాక్కుంటూ వెళ్ళి మనుషుల్ని వెతికే మనిషి, ఏ కన్నంలోనైనా దూరిపోతుందని దళమంతా ముద్దుగా చుంచమ్మా అని పిలిచే మనిషి. అందుకని నవ్వుతూ వచ్చింది. ఇప్పుడు విమానాశ్రయంలో జంతువుల్ని పరీక్షించే ఈ గదిలో ఒక స్టీలు బల్ల, ఒక తూకం, నేల మధ్యలో నీళ్ళు పోవడానికి ఇనుప జాలీ, గోడల నిండా తెల్ల పలకలు, కిటికీ అన్నది లేదు, నేల మీద సముద్రం అవతలి నుంచి విమానంలో వచ్చిన ప్లాస్టిక్ బోను, బోనులో కుక్కపిల్ల.

డాక్టరు ఎక్కడో ఇంకో షెడ్డులో గుర్రాల్ని చూస్తున్నాడట, గంట పట్టొచ్చట. గంటంటే ఎంత, కూర్చుని కబుర్లు చెప్పుకోండి ఇద్దరూ, అన్నాడు భర్త, ఆయనకన్నీ తేలికే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కళ్ళద్దాల దుకాణంలో కూర్చుని వచ్చిన వాళ్ళకల్లా ఇప్పుడు బాగా కనిపిస్తోందా అని అడిగే మనిషి. చీఫ్ మాత్రం నవ్వలేదు, ఆయన మొహం పెళ్ళిపెద్ద మొహంలా ఉంది, ఎందుకంటే ఇది ఆయన పెట్టిన ఆచారం, పని కుక్కను బోనులోంచి మొదట బయటికి తీసే చెయ్యి దానితో పని చేయబోయే మనిషిదే అయి ఉండాలి, ఈలోగా ఇంకెవరూ దాన్ని తాకకూడదు, పలకరించకూడదు, ఆ మొదటి చెయ్యీ మొదటి గొంతూ దానికి జన్మంతా గుర్తుంటాయి, ఆ తర్వాత దాన్ని ఎవరికిచ్చినా అది మనసు పెట్టి పని చేయదు. ఇది నిజమో కాదో ఎవరూ పరీక్షించి చూడలేదు, కానీ దళంలో ఉన్న కుక్కలన్నిటినీ అలాగే తీశారు, పెద్దాయన్నీ అలాగే తీశారు. పెద్దాయనంటే ఆమె పాత కుక్క, చిన్నప్పుడే మూతి చుట్టూ తెల్ల వెంట్రుకలుండేవి, ఆ పేరు అప్పుడే పడిపోయింది, ఇప్పుడు నిజంగానే పెద్దాయనై వీధి గుమ్మం దగ్గర అడ్డంగా పడుకుంటున్నాడు, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ దాటుకుని పోవాల్సిందే. తలుపు బయట అందరూ గుసగుసలాడుతున్నారు, తమ గొంతు కుక్కపిల్ల చెవిన పడుతుందేమోనని. తనొక్కతే మాట్లాడాలి. తనొక్కతే మాట్లాడటం లేదు. ఒక్క మాటన్నా అది తనదైపోతుంది, తను దానిదైపోతుంది, ఇంక పదేళ్ళు, అది ముసలిదయ్యేదాకా, అది ఎక్కడ దూరితే తను అక్కడ దూరాలి.

ఊపిరి. ముక్కుతో తీసుకుని నోటితో వదలాలి, శిథిలాల కింద చిక్కుకున్న వాళ్ళకు పైనుంచి తను చెప్పే మాటే ఇది, ఎంతమందికో చెప్పింది, అమ్మా భయపడకు, ముక్కుతో తీసుకో, నోటితో వదులు, ఇంకొంచెం, అయిపోతుంది, పాపం వాళ్ళు వినేవాళ్ళు. ఆ మాటకు ఏ పసా లేదని తనకు ఎప్పుడు తెలిసింది, ఆ రోజే తెలిసింది, కూలిన కుట్టు మిషన్ల కార్ఖానా కింద. పెద్దాయన ముందు దూరాడు, లోపల మొరిగాడు, మొరిగాడంటే మనిషి ఉన్నట్టే, ఆయన మాట ఎన్నడూ తప్పింది లేదు, తను వెనకే దూరింది, మోచేతులతో పాక్కుంటూ, హెల్మెట్ దీపం వెలుగులో ఆయన తోక కనిపిస్తూ. అప్పుడు పైన స్లాబు ఒక్కసారి సర్దుకుంది. పెద్ద చప్పుడేమీ కాదు, నిద్రలో మనిషి పక్కకు ఒత్తిగిల్లినట్టు. అంతే, నడుము కదల్లేదు, ముందుకూ లేదు వెనక్కూ లేదు, ఛాతీ కింద సిమెంటు పొడి, వీపు మీద సిమెంటు, నిండా గాలి తీసుకుంటే వీపు స్లాబుకు తగులుతోంది, కాబట్టి నిండా తీసుకోకూడదు, కొంచెం కొంచెం, చిన్న గిన్నెతో నీళ్ళు తోడుకున్నట్టు. పెద్దాయన వెనక్కి తిరగలేడు, తోక ఆమె మొహం దగ్గర ఉంది, ఆ తోక ఒకసారి కదలటం మానేసింది, మళ్ళీ కదిలింది. ఎంతసేపో తెలియదు. పైన మనుషులు నడుస్తున్నారు, చీఫ్ గొంతు వినిపించింది, ఇంకొంచెం అమ్మాయ్, అయిపోతుంది అన్నాడు, తన మాటలే తనకు. స్లాబును ముక్కలు ముక్కలుగా కోసి పైకి తీసి, చివరికి ఆమెనూ కుక్కనూ, కుక్క పసిగట్టిన కార్ఖానా మనిషినీ కూడా ప్రాణాలతో తీశారు, బయట ఎండ, నీళ్ళ సీసా, చప్పట్లు. తను ఏం చేసింది, జోకు వేసింది. నడుము కొలతలు తీసుకున్నారు సార్, రేపు జాకెట్టు కుట్టి పంపిస్తారట, అంది. అందరూ పడీపడీ నవ్వారు. ఆ జోకు ఇప్పటికీ దళంలో చెప్పుకుంటారు, కొత్తగా చేరిన వాళ్ళకు చీఫ్ దాన్ని పాఠంలా చెబుతాడు, చూడండ్రా, ధైర్యమంటే అది. ఆ జోకు నోరు జారకుండా ఉంటే బాగుండేది. అప్పుడే అక్కడే కూలబడి ఏడ్చేసి ఉంటే అందరూ దగ్గరికి తీసుకునేవాళ్ళు, కొన్నాళ్ళు ఇంట్లో ఉండమ్మా అనేవాళ్ళు, ఈపాటికి అంతా తేలిపోయేది. జోకు వేసిన మనిషి మర్నాడు వెళ్ళి సార్ నాకు భయంగా ఉంది అంటే ఎవరు నమ్ముతారు.

ట్యూబులైటు చిన్నగా మూలుగుతోంది. ఫినాయిలు వాసన, దాని కింద గుర్రమో మేకో ఉండి వెళ్ళిన వాసన. బోనులో కుక్కపిల్ల కూడా మూలుగుతోంది, ఒక వరసలో కాదు, కాసేపు మూలిగి ఎవరైనా వస్తారేమోనని ఆగి చెవులొగ్గి మళ్ళీ మూలుగుతోంది. చూడకూడదు. ఆమె గోడ వైపు తిరిగి పలకల మధ్య గీతలు చూస్తూ నిలబడింది, గోడ దగ్గరకు వస్తోందని అనిపించింది, గోడలు రావు, ఎక్కడికీ రావు, ఆ మాట తనకు తెలుసు, మెడ కింద చెమట పట్టిన ఒంటికి తెలియదు. ఇంట్లో స్నానాలగది తలుపు ఓరగా తెరిచి ఉంచుతుంది, అదేమిటే అని భర్త అడిగితే ఫోన్ మోగితే వినపడాలి కదండీ, దళం నుంచి పిలుపు వస్తే, అంది, ఆయన ఎంత పొంగిపోయాడో, స్నానం చేస్తున్నా డ్యూటీయే మా ఆవిడకు అని దుకాణానికి వచ్చిన వాళ్ళందరికీ చెప్పాడు. లిఫ్టు ఎక్కదు, మెట్లెక్కితే మోకాళ్ళకు మంచిదంటుంది, దాంతో ఆడపడుచు కూడా ఆమెను చూసి లిఫ్టు మానేసి ఇప్పుడు మోకాళ్ళు పట్టుకుని తిట్టుకుంటోంది. మంచం కిటికీ పక్కకు లాగించింది, ఉక్కగా ఉందంది. ఒక్కొక్క అబద్ధమూ చిన్నదే, ఒక్కొక్కటీ అచ్చు నిజంలాగే ఉంది, పైపెచ్చు ప్రతి అబద్ధానికీ మెచ్చుకోలు వచ్చిపడుతోంది, దానితోనే ఒళ్ళు మండుతోంది. అదృష్టం కొద్దీ ఆ కార్ఖానా తర్వాత మళ్ళీ పిలుపు రాకముందే పెద్దాయన తుంటి పాడైంది, పశువుల డాక్టరు ఇంక పరుగులొద్దు దూకుళ్ళొద్దు అన్నాడు, అందరూ అయ్యో అన్నారు, ఆమె కూడా అయ్యో అంది, ఆ రాత్రి ఆయన పక్కన నేల మీద పడుకుని తల నిమురుతూ నీ పుణ్యమేరా నాయనా అని చెవిలో చెప్పింది. కుక్క లేకపోతే ఎవరు వెళ్ళమంటారు. మిగతా వాళ్ళ కుక్కలకు మైదానంలో పాఠాలు చెప్పుకుంటూ, నెత్తి మీద ఆకాశంతో, హాయిగా రిటైరయ్యేదాకా లాగించవచ్చనుకుంది.

అంతలో చీఫ్ రానే వచ్చాడు, ఇంటికే వచ్చాడు, చేతిలో స్వీట్ల పెట్టెతో. అమ్మాయ్, నీకు కుక్కను తెప్పిస్తున్నాం, అలాంటిలాంటిది కాదు, విదేశాల్లో నాలుగు తరాలుగా ఇదే పని చేస్తున్న కుక్కల ఇంట పుట్టిన పిల్ల, నువ్విలా ఖాళీ చేతులతో మైదానంలో తిరుగుతుంటే చూడలేకపోతున్నాం. దళమంతా తలో చెయ్యీ వేశారట, అనుమతుల కోసం ఆయన ఎన్ని ఆఫీసుల గుమ్మాలెక్కాడో, ఎవరెవరి కాళ్ళావేళ్ళా పడ్డాడో. భర్త కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆమె స్వీట్ల పెట్టె వైపే చూస్తూ ఉండిపోయింది, ఆనందంతో మాట రాలేదనుకున్నారు. పోనీ అప్పుడైనా చెప్పేయాల్సింది. ఇంతమంది ప్రేమ పెట్టి అవతలి నుంచి తోస్తుంటే ఇవతల ఎలా నిలబడాలో ఎవరైనా నేర్పి ఉంటే బాగుండేది, కోపంతో తోస్తే ఎదురు తోయవచ్చు, తిట్టవచ్చు, పో అనవచ్చు, స్వీటు నోట్లో పెడుతుంటే ఏమంటుంది, నోరు తెరిచి తింది.

మూలుగు ఆగింది. ఎందుకాగింది. వినకూడదనుకున్నది ఆగిపోతే వినాలనిపిస్తుంది, ఆమె చెవి పెట్టింది, ప్లాస్టిక్ మీద గోళ్ళు గీసుకున్న చప్పుడు, తర్వాత అదీ లేదు. పిల్లను ఎంచుకోమని ఫోన్ వీడియోలో చూపించినప్పుడు దాని మెడకు నీలం దారం ఉండేది. బ్రీడరమ్మ, అంటే కుక్కల్ని పెంచి పంపే ఆ ముసలావిడ, ఒక్కో పిల్ల మెడకు ఒక్కో రంగు దారం కట్టింది, ఆవిడ మాట్లాడితే మనవరాలు అందరికీ అర్థమయ్యేలా మార్చి చెప్పేది. పెరట్లో పొడుగాటి సిమెంటు గొట్టం వేసి అందులోకి గుడ్డపీలిక విసిరేవారు. ఎర్ర దారం పిల్ల ఒక్క ఉదుటున దూరిపోయి అటు వైపు నుంచి నోట్లో పీలికతో వచ్చింది, మళ్ళీ దూరింది, గొట్టం దానికి ఆటస్థలం. ఆకుపచ్చ దారమూ అంతే, కాస్త తటపటాయించి. నీలం దారం గొట్టం మూతి దాకా వచ్చింది, ముందు కాలు ఎత్తింది, లోపలి చీకటిని చూసింది, కాలు దించి కూర్చుంది, కూర్చుని వెనక్కి తిరిగి మనుషుల మొహాలు చూసింది. ఆ చూపు ఆమెకు తెలుసు. రోజూ అద్దంలో దువ్వుకునేటప్పుడు ఎదురయ్యేదే. ఎర్ర దారమే కదా, అన్నాడు చీఫ్ పక్క నుంచి, అనక్కర్లేనంత ఖాయంగా. కాదు, నీలం దారం, అంది ఆమె. బ్రీడరమ్మ ఏదో గబగబా అంది, అది మంచి పిల్లే కానీ ఇంట్లో పెంచుకోవడానికి, కన్నాల్లోకి వెళ్ళదు, అంటోంది మా అమ్మమ్మ, అంది మనవరాలు. దూకే కుక్కల్ని చాలా చూశాం సార్, ఆగి ఆలోచించేది కావాలి మనకి, అంది ఆమె, ఎక్కడి నుంచి ఊడిపడిందో ఆ మాట, అంత తెలివైన మాట జీవితంలో అంతకు ముందెప్పుడూ అనలేదు. చీఫ్ బల్ల మీద చరిచాడు, విన్నారా, అదీ అనుభవమంటే. బ్రీడరమ్మ మాత్రం తెరలోంచి ఆమెనే చూస్తూ ఉండిపోయింది, చాలాసేపు, కుక్కల్నీ వాటి కోసం వచ్చే మనుషుల్నీ ఒక వయసంతా చూసిన కళ్ళు, చివరికి భుజాలెగరేసి సరే అంది.

లెక్క చాలా సులువు. పిల్ల వస్తుంది, ఏడాది పాఠాలు, పరీక్షలో గొట్టం ముందు కూర్చుంటుంది, తప్పుతుంది. చీఫ్ నెత్తి కొట్టుకుంటాడు, తనను ఎవరూ ఏమీ అనరు, కుక్క మంచిది పడలేదు పాపం అంటారు, ఇంకో కుక్కను తెప్పించే ఓపిక ఎవరికీ ఉండదు. మరి పిల్ల? పరీక్ష తప్పిన కుక్కల్ని దళం డిపో గేటు దగ్గర కట్టేస్తారు, లారీలు వచ్చినప్పుడు మొరగడానికి, తిండికి లోటుండదు, ఆ గొలుసు మరీ పొట్టిదేం కాదు, గేటు నుంచి నీళ్ళ తొట్టి దాకా వస్తుంది. ఇన్నాళ్ళూ ఆ గొలుసు పొడుగుతోనే మనసుకు సర్దిచెప్పుకుంటూ వచ్చింది. చప్పుడు లేదు. ఇంకా చప్పుడు లేదు. ఆమె గోడ నుంచి తిరిగింది, నిలబడలేక కూర్చుంది, కూర్చుంటే కప్పు దిగుతున్నట్టుంది, బోర్లా పడుకుంది, జాలీలోంచి చల్లటి గాలి కొంచెం వస్తోంది, దాని దగ్గరే మొహం పెట్టుకుని పీల్చుకుంది, దళమంతా తలుపవతలే ఉండగా చుంచమ్మ జంతువుల గదిలో నేల మీద పడి తూము గాలి పీలుస్తోంది. నవ్వొచ్చింది, నవ్వు రాలేదు. అక్కడి నుంచి చేయి చాపి బోను తలుపు కొక్కెం తీసింది, తాకడానికి కాదు, మాట్లాడటానికి కాదు, చూడటానికి. పెద్ద కుక్కకు సరిపోయే బోనులో పంపారు, పొడుగ్గా, లోపల చీకటిగా ఉంది, ఆ చివర మూలలో చెవులు వెనక్కి అణుచుకుని, నాలుగు కాళ్ళూ కిందకు ముడుచుకుని, తలుపు తెరుచుకున్నా రాకుండా, మూలకు ఇంకా ఇంకా ఒదిగిపోతూ. పిల్ల తన కిందే తడి చేసుకుంది. ఛాతీ కొంచెం కొంచెంగా ఆడుతోంది. నిండా తీసుకోవటం లేదు. అలా ఊపిరి తీసుకునే వాళ్ళెవరో ఆమెకు బాగా తెలుసు, ఆ లెక్కలో ఎక్కడా దీని ఊపిరి వేసుకోలేదు, తను బయటపడటానికి దీన్ని తీసుకొచ్చి ఆ కన్నంలో పెట్టింది. ఆమెకు తన మీద అసహ్యం వేసింది. రా అనాలి, చెయ్యి పెట్టి తీయాలి, తీస్తే నీదే, పదేళ్ళు, స్లాబుల కిందకు, నువ్వూ ఇదీ. తీయకపోతే అక్కడే ఉంటుంది. చెయ్యి పెట్టింది, మోచెయ్యి దాకా వెళ్ళింది, అందలేదు, భుజం పెట్టాలి, తల పెట్టాలి, తల బోను అంచు కిందకు వెళ్ళేసరికి పై ప్లాస్టిక్ జుట్టుకు తగిలింది, అంతే, ఏమైందో తెలియదు, గది ఆ చివర గోడకు వీపు ఆనించి ఉంది, చెయ్యి గీరుకుపోయి మండుతోంది.

గడియ తీశారు. ముందు డాక్టరు, చేతిలో కుక్క ఒంట్లోని గుర్తింపు చిప్పు చదివే యంత్రం, వెనక తాళాలతను, ఆ వెనక చీఫ్, భర్త, ఫోన్లు.

"ఇంకా బోనులోనే ఉందేంటమ్మా? బయటికి తీస్తే చిప్పు చూసేసి పంపించేస్తాను" అన్నాడు డాక్టరు. తాళాలతను సాయం చేద్దామని వంగబోతే చీఫ్ భుజం పట్టుకుని ఆపాడు.

"ఆగవయ్యా. మా చుంచమ్మే తీయాలి. అది తన కుక్క. కానియ్యి అమ్మాయ్, కాస్త వంగి తల లోపలికి పెట్టు, అందుతుంది."

"పెట్టలేను సార్."

"ఏం, కరుస్తుందా?"

"కరవదు. భయపడుతోంది." ఇక్కడితో ఆపేయవచ్చు, తలుపు తెరిచే ఉంది, దాటి వెళ్ళిపోవచ్చు. "నాక్కూడా భయమే సార్. ఈ బోను, ఈ గది, లిఫ్టు, స్నానాలగది, అన్నీ. ఆ కార్ఖానా రోజు నుంచి. ఇంక నేను దేని కిందకీ వెళ్ళలేను. దీనివల్లా కాదు. కాదని తెలిసే ఎంచుకున్నాను. బ్రీడరమ్మ వద్దన్నా వినలేదు. ఇది పరీక్ష తప్పితే ఇంక నన్నెవరూ వెళ్ళమనరని."

ఫోన్లు ఒకటొకటిగా కిందకు దిగాయి. భర్త ఆమె వైపు చూశాడు, తర్వాత తలుపు వైపు చూశాడు, ఓరగా తెరిచి ఉండే ఇంకో తలుపేదో ఆయనకు అప్పుడు గుర్తొచ్చినట్టుంది, "స్నానాలగది..." అని ఆపేశాడు. చీఫ్ మెడ ఎర్రబడింది. "ఆగి ఆలోచించే కుక్క" అన్నాడు. "ఎంతమందికి చెప్పుకున్నానే అమ్మాయ్ ఆ మాట." ఇంకా అంటాడనుకుంది, అనాలి, అంటే బాగుండును. ఆయన మోకాళ్ళు పట్టుకుని మెల్లగా నేల మీదకు దిగి, చెయ్యి లోపలికి పెట్టకుండా దూరం నుంచే బోనులోకి చూశాడు, చూసి అంచు వెంబడి వేళ్ళతో తడిమాడు. "స్పానరుందా నీ దగ్గర?" అన్నాడు తాళాలతనితో. "ఎవరూ లోపలికి వెళ్ళక్కర్లేదు. పై సగం ఊడి వస్తుంది."

ఒక్కో బోల్టూ కిర్రుమన్నప్పుడల్లా లోపల అది ఉలిక్కిపడుతోంది, ఆ ఉలికిపాటు చూడలేక ఆమె గోడ దగ్గరే ఉండి, "ఇంకొంచెం, అయిపోతుంది, ఇంకొంచెం" అంది. అన్న తర్వాత తెలిసింది అన్నానని. చీఫ్ తల తిప్పలేదు, తిప్పుతున్న బోల్టు తిప్పుతూనే ఉన్నాడు, చివరిది బిగుసుకుపోతే డాక్టరు కూడా యంత్రం పక్కన పెట్టి వచ్చి పట్టుకున్నాడు. పై సగాన్ని ఇద్దరూ కలిసి నిటారుగా పైకి లేపారు. కుక్కపిల్ల అడుగు పళ్ళెంలో ముడుచుకుని ఉంది, చుట్టూ గోడా లేదు పైన కప్పూ లేదు, కళ్ళు చిట్లించింది, కదల్లేదు. ఎవరూ దాన్ని ముట్టుకోలేదు, ఆమెను ముట్టుకోమనీ అనలేదు.

"ఆ రోజు నిన్ను బయటికి తీసేశామనే అనుకున్నాం అమ్మాయ్" అన్నాడు చీఫ్. ప్లాస్టిక్ కప్పును ఎక్కడ పెట్టాలో తెలియనట్టు రెండు చేతులతో అలా పట్టుకునే నిలబడ్డాడు.